నాటుకోడి, నల్లకోడి, సర్కారీ కోడి

పెళ్లయ్యేదాకా నాకు కోడిగుడ్డంటే అట్ట ట్రేలో ముప్పయ్యేసి చొప్పున వచ్చే సరుకు. దాన్ని ఏ కోడి పెట్టింది, ఎక్కడ పెట్టింది, పెట్టేముందు ఎంత గోల చేసింది అన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. నేను పెరిగింది రాయపూర్‌లోనే, దేవేంద్ర నగర్‌లో, మూడో అంతస్తు ఇంట్లో. నాన్నది ఇనుము వ్యాపారం చేసే ఒక కంపెనీలో ఆఫీసు ఉద్యోగం. మావాళ్లు కరీంనగర్ వైపునుంచి వచ్చినవాళ్లే అయినా, మా ఇంట్లో నేల అంటే గచ్చు, ఆరుబయలు అంటే బాల్కనీ. ఆ బాల్కనీలో కూడా సగం కూలరుదే.

కోడలిగా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్‌కి వచ్చాక నాకు ఒక పెరడు దక్కింది. వంటింటి తలుపు తీస్తే చిన్న వరండా, దాని ముందు నాలుగు మంచాలు పట్టేంత మట్టినేల, ఒక మునగచెట్టు, బట్టలారేసే తీగ. నడుమెత్తు గోడకి అటుపక్క పొరుగింటివాళ్ల పెరడు. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, మా ఆయన, మామయ్య. అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. మామయ్య శ్రీకాకుళం జిల్లానుంచి మీసాలు సరిగ్గా రాని వయసులో వచ్చి, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. మా ఆయనదీ అదే వర్క్‌షాపు. నేను దగ్గర్లోని ఒక స్కూల్లో పొద్దుటిపూట చిన్నపిల్లలకి హిందీ చెప్పి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేసేదాన్ని.

రిటైరయ్యాక మామయ్యకి పొద్దు గడవడం కష్టమైంది. రోజూ సైరన్ వేళకి తయారై వర్క్‌షాపు గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర కూర్చుని, ఎవరెవరు ఆలస్యంగా వస్తున్నారో చూసి, సాయంత్రం ఆ జాబితా మా ఆయనకి చెప్పేవారు. జాబితాలో వారానికి రెండుసార్లు మా ఆయన పేరే ఉండేది. "నాన్నకి ఏదైనా పని చూడాలి యార్" అని మా ఆయన నా దగ్గర మొత్తుకునేవాడు.

ఆ పని సైకిల్ వెనక గంపలో కూర్చుని దానంతటదే వచ్చింది. మామయ్య స్నేహితుడొకాయన క్వార్టరు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, తన మూడు నాటుపెట్టల్నీ ఒక పుంజునీ ఈయన చేతిలో పెట్టాడు. నేను స్కూలునుంచి వచ్చేసరికి వరండాలో గంప బోర్లించి ఉంది. కింద కుక్కూమంటున్నాయి. మామయ్య పక్కన పీటేసుకుని, కొత్తపెళ్లికొడుకులా కూర్చున్నారు.

"ఏంది మామయ్యా ఇవి?"

"కోళ్లమ్మా. నీకు తెల్దేటి?"

"తెలుసు. ఈడ ఎందుకున్నయని అడుగుతున్న."

"మరెక్కడుంటాయి? గోడుంది, సెట్టుంది, మట్టుంది. కోడికి ఇంకేటి కావాల?"

నాకు వాసన భయం, రెట్ట భయం, అన్నిటికన్నా ఎక్కువగా ఆ పుంజు చూపంటే భయం. వారం రోజులు పెరట్లోకి చీపురు పట్టుకునే వెళ్లాను. కానీ ఎనిమిదో రోజున మునగచెట్టు మొదట్లో, ఎండుటాకుల మధ్య, వెచ్చగా ఒక గుడ్డు దొరికింది. చేతిలోకి తీసుకుంటే బతికున్నదాన్ని పట్టుకున్నట్టే ఉంది. ఆ పూటే దాన్ని వేయించుకుని తిన్నాను. పచ్చసొన పసుపు కాదు, నారింజ రంగు. మర్నాటినుంచి చీపురు తీసుకెళ్లడం మానేశాను.

కథ అక్కడితో ఆగిపోతే మా ఇంట్లో నాటుకోళ్లే ఉండేవి. కానీ గుడ్డు రుచి మరిగినవాళ్లకి నాటుకోడితో ఒక చిక్కుంది. అది పదో పన్నెండో గుడ్లు పెట్టి, ఇక చాలు అనుకుని పొదుగుడుకి కూర్చుంటుంది. కింద గుడ్లున్నా కూర్చుంటుంది, లేకపోయినా కూర్చుంటుంది. ఉల్లిపాయలున్నా కూర్చోవడం నేను చూశాను. దగ్గరికెళితే ఒళ్లంతా ఉబ్బించి కసిరేది. మూడు పెట్టలూ వంతులేసుకున్నట్టు కూర్చుంటే మళ్లీ అట్ట ట్రే కొనుక్కోవాల్సి వచ్చింది.

"ఇట్ల గుడ్లు పెట్టకుంట కూసుంటే ఎట్ల మామయ్యా?" అన్నాను.

"అది కోడమ్మా, మిసన్ కాదు. కూకుంటేనే పిల్లలు. పిల్లలుంటేనే కోళ్లు."

మా ఆయనకి గుడ్ల గొడవ లేదు. అతనికి కావలసింది గొప్ప. అప్పట్లో వర్క్‌షాపులో ఎవరి నోట విన్నా కడక్‌నాథ్ కోడి మాటే. ఈక నలుపు, చర్మం నలుపు, మాంసం నలుపు, ఎముక కూడా నలుపే. తింటే మోకాళ్ల నొప్పులు పోతాయని ఒకడు, గుండెకి మంచిదని ఇంకొకడు. ఒక ఆదివారం మా ఆయన ఊరి బయట సంతకి వెళ్లి, అట్టపెట్టెలో ఆరు నల్ల పిల్లల్ని తెచ్చాడు.

"అసలీ మాల్ నాన్నా. పక్కా కడక్‌నాథ్. అమ్మినవాడు గ్యారంటీ ఇచ్చాడు."

మామయ్య ఒక్కో పిల్లనీ అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో ముక్కు తెరిచి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టారు. ఆయన కోళ్లని రంగును బట్టి పిలుస్తారు: ఎర్రది డేగ, తెల్లది సేతువ, నల్లది కాకి. "కడక్‌నాథో ఏటో, మన లెక్కలో కాకే" అని మాత్రం అన్నారు.

మూడు నెలలు గడిచాయి. ఆరింటిలో నాలుగింటికి నెత్తిమీద తురాయి గులాబీ రంగు తిరిగి, తర్వాత మందారప్పువ్వంత ఎర్రగా అయింది. పొరుగింటి దీదీ గోడమీదనుంచి చూస్తూ పగలబడి నవ్వింది. ఆమె ఇక్కడి ఛత్తీస్‌గఢీ ఆవిడ, వాళ్లాయనదీ వర్క్‌షాపే. "ఏ హ కడక్‌నాథ్ నోహే, బహినీ!" అంది. ఇది కడక్‌నాథ్ కానేకాదు చెల్లీ, అని. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు.

మామయ్య అప్పుడు చెప్పారు. "అసలుదానికి నాలిక కూడా నల్లగుంటాది. రెండిటికే ఉంది."

"తెచ్చినరోజే చూశావు కద నాన్నా! అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగేవేటి?"

ఆ నాలుగూ పుంజులే. ఒక్కో ఆదివారం ఒక్కోటి కూరైపోయింది. కోసిన ప్రతిసారీ మా ఆయన పక్కన నిలబడి, లోపలైనా నల్లగా ఉంటుందేమోనని తొంగిచూసేవాడు. ఎప్పుడూ లేదు. కూర మాత్రం నాలుగుసార్లూ బావుంది. మిగిలిన రెండూ నిజమైనవే, ఒక పుంజు, ఒక పెట్ట. నాలుకా గోళ్లూ కూడా నల్లనే. ఎండలో నిలబడితే ఈకల్లో పచ్చని మెరుపు. మా ఆయన సాయంత్రం డ్యూటీ దిగి రాగానే వాటిముందే టీ తాగేవాడు. పెట్ట చిన్న గుడ్లు పెట్టేది, పెట్టి వెనక్కి తిరిగి చూసేది కాదు. పొదగడమన్న మాట దానికి తెలియదు.

ఇక మిగిలింది నా వంతు. మా స్కూల్లో ఒక టీచరు, ప్రభుత్వ కోళ్ల కేంద్రంలో మంచి జాతుల పిల్లలు దొరుకుతాయని చెప్పింది. సెలవు రోజున దీదీని తోడు తీసుకుని ఆటోలో వెళ్లాను. అక్కడ గోడమీద బొమ్మలు అతికించి ఉన్నాయి. కౌంటరు దగ్గర ఉన్నాయన నా మొహం చూసి నేను కొత్తని పోల్చుకుని, ఓపికగా హిందీలో వివరించాడు. గుడ్లే కావాలంటే గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా. రెండూ పెరట్లో తిరిగే జాతులే, ఫారం షెడ్డు అక్కర్లేదు. బొమ్మలో వనరాజా పుంజు రంగురంగుల తోకతో మహారాజులా ఉంది. నేను రెండు జాతులూ కలిపి పది తీసుకున్నాను, దీదీ పది తీసుకుంది.

ఇంటికొచ్చాక మామయ్య పెట్టెలోకి చూసి, "సర్కారీ కోళ్లు" అన్నారు. ఆ పేరే ఖాయమైంది. అట్టపెట్టె మీద బల్బు వేలాడదీసి, కింద వరిపొట్టు పోసి, నేనే పెంచాను. మేతకి బియ్యం మిల్లునుంచి నూకలు తెచ్చేదాన్ని; ఇక్కడ వాటిని కనకీ అంటారు. నేను షాపులో కనకీ అని అడిగి తెస్తే, మామయ్య ఇంట్లో నూకలని పోసేవారు, కోళ్లు మాత్రం ఏ పేరుతో పోసినా తినేవి.

సర్కారీ కోళ్లు ఊరించినట్టే పెరిగాయి. ఆరో నెల దాటగానే గ్రామప్రియలు గోధుమరంగు గుడ్లు మొదలుపెట్టి, మానడమన్న మాటే మరిచిపోయాయి. వనరాజాలు కొంచెం నిదానం, కానీ ఏం ఒళ్లు! ఏం రంగులు! నేను మామయ్య ముందు గుడ్ల గిన్నె కావాలనే కాస్త చప్పుడు చేస్తూ పెట్టేదాన్ని.

ఆయన ఒకటే అనేవారు: "మంచి కోళ్లేనమ్మా. తెలివే లేదు."

అది ఎంత నిజమో ఒక చైత్రమాసపు మధ్యాహ్నం తెలిసింది. స్కూలునుంచి వచ్చి తలుపు తీస్తున్నానో లేదో పెరట్లో గగ్గోలు. పరుగెత్తి చూస్తే, నాటుపెట్టలు మూడూ మునగకొమ్మల మీద ఉన్నాయి. నల్లకోళ్ల జంట గోడమీద ఉంది. గ్రామప్రియలు బట్టల తొట్టెక్కాయి. నా నాలుగు వనరాజాల్లో మూడు మాత్రం పెరటి నడిమధ్య నిలబడి, తమ మీదకి దూసుకొస్తున్న ముంగిసని వింతగా చూస్తున్నాయి. నేను చెప్పు విసిరేలోపే అది ఒకదాన్ని కొరికి పడేసింది. నాలుగోది అప్పటికే తొట్టి పక్కన పడి ఉంది.

మామయ్య రేషన్ షాపునుంచి వచ్చేసరికి నేను వరండా మెట్టుమీద కూర్చుని ఏడుస్తున్నాను. కోడికోసం ఏడుస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన సంచీ కిందపెట్టి, చచ్చినవాటిని చూసి, నా పక్కన కూర్చున్నారు. నేను ముందే చెప్పానన్న మాట ఎక్కడ వస్తుందోనని ఎదురుచూశాను. రాలేదు.

"బాగా పెంచేవమ్మా," అన్నారు. "ఏడెనిమిది నెల్లకే ఇంత బరువు తెచ్చేవు. దాని తప్పూ కాదు, నీ తప్పూ కాదు. దానికి తల్లి లేదు. ముంగిసొస్తే సెట్టెక్కాలని ఎవరు సెప్తారు? బల్బు సెప్తాదేటి?"

మర్నాడు కట్టెకోత మిల్లునుంచి చెక్కలు కొనుక్కొచ్చి పని మొదలుపెట్టారు. వ్యాగన్లు బాగుచేసిన చేయి అది. వారంలో నడుమెత్తు కాళ్ల మీద ఒక కోళ్లగూడు లేచింది. వాలు తలుపు, గాలికి జాలీ, రెట్ట కిందకి జారేలా కింద ఒక సొరుగు. ప్రతి మేకు తలా చేత్తో తడిమి చూశారు. మొదటి సాయంత్రం నాటుకోళ్లు ఎగిరి లోపలికెళ్లాయి. వనరాజాలు రెండూ ఎక్కడానికి ఆనించిన నిచ్చెనబల్ల దగ్గర నిలబడిపోయాయి. వాటి బరువుకి కాళ్లు జారుతున్నాయి. మామయ్య నిట్టూర్చి, బల్లమీద అడ్డంగా సన్నని కర్రముక్కలు కొట్టారు. "ఈటికి మెట్లు కావాలట" అని గొణుక్కుంటూ, ఒక్కోదాన్ని వెనకనుంచి తోసి ఎక్కడం నేర్పారు. అలా మూడు సాయంత్రాలు తోశారు.

బల్బు చెప్పదన్న మాట నాకు పట్టుకుంది. ఈసారి పిల్లలు తల్లి కిందే పెరగాలనుకున్నాను. వానలు వెళ్లిన తర్వాత డేగ పెట్ట పొదుగుడుకి కూర్చుంది. అది నాటుపెట్టల్లో పెద్దది, మహా కోపిష్టిది. మామయ్యా నేనూ కలిసి వరండా మూల గంపలో వరిగడ్డి వేసి, పన్నెండు గుడ్లు పెట్టాం: నల్లకోడివి ఐదు, గ్రామప్రియవి నాలుగు, దాని సొంతవి మూడు. ఏది ఎవరిదో తెలియాలని నేను స్కూలు పెన్సిల్‌తో ఒక్కో గుడ్డుమీదా అక్షరం రాశాను.

"పరీచ్చ పెడతావేటి ఈటికి?" అని నవ్వారాయన.

సరిగ్గా అది కూర్చున్న పదోరోజున మామయ్యకి కంటి ఆపరేషను తేదీ వచ్చింది. శుక్లం. చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చినది. "పిల్లలు లేసేక సేయించుకుంటాను" అన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో మాత్రం ప్రతి ఒక్కటీ కోళ్లకి వ్యతిరేకంగానే ఉంది: వంగకూడదు, బరువెత్తకూడదు, దుమ్ములోకి వెళ్లకూడదు. రోజుకి నాలుగుసార్లు కంట్లో చుక్కలు.

మామయ్య నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందుగదిలో మంచమ్మీద చేరారు. డేగ పెట్ట, పన్నెండు గుడ్లు నా చేతిలో పడ్డాయి.

అంతవరకూ నేను కోళ్లకి మేత వేశాను, గుడ్లు తీశాను, ఊడ్చాను. చూడడం మాత్రం అప్పుడే మొదలుపెట్టాను. ఎందుకంటే ఆయన అడిగే ప్రశ్నలు అలాంటివి.

"దిగిందా?"

"దిగింది."

"ఎంతసేపు?"

"చూడలె మామయ్యా."

"సూడాల మరి. ముందు తాగిందా, తిన్నాదా?"

నేను మళ్లీ పెరట్లోకి. రెండోరోజుకి గడియారం చూడడం నేర్చాను. నాలుగోరోజుకి అది దిగిన వెంటనే మునగచెట్టు కింద దుమ్ములో పొర్లుతుందని, పొర్లాక ఒకసారి ఒళ్లు దులిపి, నీళ్లు తాగి, నూకలు తిని, నన్ను ఒకసారి కోపంగా చూసి, మళ్లీ గంపెక్కుతుందని ఆయన అడగకముందే చెప్పగలిగాను. కాలితో గుడ్లని లోపలివి బయటికీ బయటివి లోపలికీ ఎలా జరుపుతుందో చెప్పాను. ఆయన మంచమ్మీద కూర్చుని ఆ మాటలు టిఫిను తిన్నంత ఇష్టంగా వినేవారు. ఒక్కోసారి నేను చెప్పేలోపే పెరట్లోంచి వచ్చిన అరుపు విని, "అది నల్లపెట్ట, గుడ్డెట్టింది... ఇది సర్కారీది, ఊరికే అరుస్తాది" అనేవారు. నేను వెళ్లి చూస్తే అంతే.

పదిహేడో రోజున డేగ పెట్ట దిగింది, తిరిగి ఎక్కలేదు. దీదీ వాళ్ల పుంజు గోడ దాటి వచ్చి దాని వెంటపడింది. ఇది గోడ దూకి వాళ్ల పెరట్లోకి, అక్కడినుంచి వాళ్ల వెనక ఉన్న కట్టెల మోపుల్లోకి వెళ్లిపోయింది. పావుగంట, ఇరవై నిమిషాలు. నేను గంపలో చెయ్యి పెట్టి చూస్తే గుడ్ల వెచ్చదనం తగ్గుతోంది. పాత చీర కప్పి, గోడ దగ్గరికి పరుగెత్తాను.

"కా హోగే బహినీ?" అంది దీదీ. ఏమైంది చెల్లీ, అని.

చెప్పాను. ఇద్దరం కట్టెల చుట్టూ తిరుగుతూ, ఆమె ఛత్తీస్‌గఢీలో, నేను తెలుగులో హిందీలో, పిలిచాం, బతిమాలాం, తిట్టాం. మేం ఎంత తరిమితే అది అంత లోపలికి దూరింది. మా కేకలు ముందుగది దాకా వెళ్లినట్టున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే మామయ్య గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నల్లకళ్లద్దాలు, తెల్లబనీను, చేతిలో గుప్పెడు నూకలు.

"మామయ్యా! డాక్టరు వద్దన్నడు కద, మీరెందుకొచ్చిన్రు?"

"మీరిద్దరూ అరవడం ఒగ్గేయండి ముందు."

మేం నోరు మూసుకున్నాం. ఆయన గోడమీద చెయ్యానించి, చాలా మెల్లగా, పక్కన ఉన్నవాళ్లని పిలిచినట్టు, "బా... బా... బా..." అన్నారు. ఆగారు. మళ్లీ అన్నారు. కట్టెల సందులోంచి ముందు ఎర్రని తల వచ్చింది, తర్వాత మెడ, తర్వాత మొత్తం పెట్ట. ఏమీ జరగనట్టు నడుచుకుంటూ వచ్చి, గోడెక్కి, దిగి, వరండా మూలకి వెళ్లింది. నేను చీర తీసేలోపే గంపలోకి దూరి, ఒళ్లు పరిచి కూర్చుంది.

మామయ్య నా మొహం చూసి అన్నారు: "వంగలేదమ్మా. నిలబడే పిలిసేను. అబ్బాయికి సెప్పకు."

నేను చెప్పలేదు. సాయంత్రం గోడమీదనుంచి దీదీ చెప్పేసింది.

ఇరవయ్యో రోజు పొద్దున, పెట్ట గొంతు మారిందని ఆయనకి చెప్పాను. పైకి అరుపు కాదు, లోపల్లోపల కుర్... కుర్... అంటోంది. ఆయన లేచి కూర్చున్నారు. "గుడ్డులో పిల్లతో మాటాడతాంది. రేపటికి లేస్తాయి" అన్నారు. మర్నాడు స్కూలుకి సెలవు పెట్టాను. కారణం అడిగితే, ఇంట్లో పని ఉందని చెప్పాను. కోడి పిల్లల్ని లేపుతోందని చెబితే ఎవరు సెలవిస్తారు?

మధ్యాహ్నానికి తొమ్మిది లేచాయి. నా పెన్సిల్ అక్షరాలన్నీ పెంకులతో పాటు నుజ్జయిపోయాయి. నల్లవి నాలుగు, గోధుమరంగువి మూడు, మచ్చలవి రెండు. మచ్చలవి ఎవరివో నేను తేల్చలేకపోయాను. పెరట్లో ఉన్న పుంజులు రెండు, పెట్టలు ఇన్ని, ఎవరు ఎవరితో తిరిగారో ఎవరు చూశారు? తడి ఆరిన ఒక నల్లపిల్లని చేతుల్లో పెట్టుకుని తీసుకెళ్లి మామయ్య అరచేతిలో ఉంచాను. ఆయన దాన్ని మరో చేత్తో కప్పుకున్నారు. అద్దాల కిందనుంచి నీరు కారింది. ఆపరేషను కన్ను కదా, కారుతూనే ఉంటుంది అన్నారు. కారింది రెండో కంట్లోంచి కూడా.

ఏడోరోజున పిల్లలకి కొక్కెర తెగులు రాకుండా టీకా. అది సూది కాదు, కంట్లో చుక్క. పశువుల ఆసుపత్రినుంచి మంచుముక్కల డబ్బాలో తెచ్చాను. అది మామయ్య కంట్లో చుక్కలు వేసే వేళ. నేను రెండు సీసాలూ బల్లమీద పక్కపక్కన పెట్టాను. ఆయన గాభరాగా లేచి కూర్చున్నారు.

"అమ్మా, నాది ముందెయ్యి. తర్వాత సీసా దాసీ. అప్పుడు ఆటికెయ్యి. నా మందు ఆటికెయ్యకు, ఆటి మందు నాకెయ్యకు."

ముందు ఆయనకే వేశాను. తర్వాత దీదీ ఒక్కో పిల్లనీ పట్టుకుంటే నేను చుక్క వేశాను. పిల్లలు మామయ్యకన్నా బుద్ధిగా ఉన్నాయి.

కళ్లద్దాలు తీసే రోజు వచ్చింది. మామయ్య నేరుగా పెరట్లోకి వెళ్లారు. డేగ పెట్ట ముందు నడుస్తోంది, వెనక తొమ్మిది పిల్లలు. ఆకాశంలో గద్ద నీడ కదిలిందో లేదో అది చిన్నగా ఒక కూత వేసింది. నల్లవీ గోధుమవీ మచ్చలవీ అన్నీ దాని కిందకి దూరాయి. సర్కారీ గుడ్డులోంచి వచ్చిన పిల్లకి కూడా ఆ భాష తెలుసు. మామయ్య అది చూసి తల ఊపారు. నా వైపు మాత్రం చూడలేదు. నేనే ఆయన వైపు చూశాను.

ఆ తర్వాత విచిత్రంగా మా ఇద్దరి పక్షాలూ తారుమారయ్యాయి. నేను నాటుపెట్టల మనిషినైపోయాను. ఎవరైనా పొదుగుడు కోడిని కూరకి అడిగితే దెబ్బలాడేదాన్ని. మామయ్యేమో ఒక గ్రామప్రియ పెట్టతో స్నేహం కట్టారు. ఆయన పేపరు చదువుతుంటే అది వచ్చి పాదం మీద కూర్చునేది. "ఇది కోడి కాదమ్మా, కుక్క" అని తిడుతూనే, అది లేచేదాకా కాలు కదిపేవారు కాదు. మా ఆయన నల్లకోళ్లు వర్క్‌షాపులో పేరు తెచ్చుకున్నాయి. అతను గుడ్లు పంచిపెడుతూ, ఇవి పొదగవు, నాటుపెట్ట కింద పెట్టుకోండి అని అందరికీ సలహాలిచ్చేవాడు. ఆ సలహా తన సొంతమే అన్నట్టు చెప్పేవాడు.

తర్వాతి ఏడాది మళ్లీ పిల్లల్ని తెచ్చుకుందామని ప్రభుత్వ కేంద్రానికి వెళ్లేటప్పుడు మామయ్య కూడా వస్తానన్నారు. కొత్తకన్నుతో అక్కడ ఆయన ఒక్కో పిల్లనీ ఎత్తి, కాళ్లు చూసి, బొడ్డు చూసి, ముక్కు తెరిచి చూస్తుంటే, వెనక వరసలో నిలబడినవాళ్లు విసుక్కున్నారు. కౌంటరాయన, "బాబూజీ, సబ్ ఏక్ జైసే హైఁ" అన్నాడు, అన్నీ ఒకటేనండీ అని. మామయ్య వినిపించుకోలేదు. ఎనిమిది గ్రామప్రియలు తీసి పెట్టెలో పెట్టాక, ఇంకాస్త వెతికి రెండు వనరాజాలు కూడా ఎత్తారు.

"అవెందుకు మామయ్యా? ముంగిసొస్తే నిలబడి చూస్తయి కద" అన్నాను.

"తల్లి కిందెడదాం. ఏదో ఒకటి నేరుస్తాయి. సూడ్డానికి బాగుంటాయి కదేటి?"

తిరుగుదారిలో ఆటోలో పెట్టె ఆయన ఒళ్లో ఉంది. స్పీడుబ్రేకర్ వచ్చిన ప్రతిసారీ లోపల కిచకిచలు పెరిగేవి. ఆటో నడిపే అతను అద్దంలోంచి చూస్తూ, ఏం జాతి కోళ్లని అడిగాడు. మామయ్య హిందీలో, శ్రీకాకుళం యాసతో, నాటుకీ సర్కారీకీ తేడా చెప్పడం మొదలుపెట్టారు. నల్లకోడి నాలుక సంగతి దగ్గరికి వచ్చేసరికి కాలనీ గేటు వచ్చేసింది. అతను బండి పక్కకి తీసి ఆపి, ఇంజను కూడా ఆపేసి, మిగతాది చెప్పమన్నాడు.